ఎవరి గడియారంలో?

చిరంజీవికి,

వేగంగా పోయేవాడి గడియారం మన లెక్కలో నెమ్మదిగా నడవడం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లడం, తిరిగొచ్చేసరికి ఇక్కడ యుగాలు గడిచిపోవడం చూసి కాగితాలు పక్కన పడేద్దామనుకున్నాను. కథ మీద నాకు కోపం లేదు. మా తాతగారు భాగవతం చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నవాణ్ణే. కానీ సైన్సు వ్యాసం ఏది తీసినా గుమ్మంలో ఒక పురాణం కాపలా కాస్తోంది. రైవతుడు ఎంత వేగంతో వెళ్లాడో ఎవరూ రాసిపెట్టలేదు. వేగం తెలియందే ఈ లెక్కే లేదు.

అయితే నాచేత కలం పట్టించింది అది కాదు, మూడో పేజీ. కాంతివేగానికి చేరువలో పోయే రాకెట్టులోని మనిషికి ప్రతి పనీ నింపాదిగా జరుగుతున్నట్టు అనిపిస్తుందన్నావు. అనిపించదు! అతని గుండె నిమిషానికి 72 సార్లే కొట్టుకుంటుంది, కాఫీ ఎప్పటిలాగే చల్లారుతుంది. తేడా తేలేది నేల మీద ఉండి అతని గడియారాన్ని తమ గడియారాలతో పోల్చి చూసేవాళ్లకు. కాంతివేగంలో అయిదింట నాలుగు వంతుల వేగంతో సాగే రాకెట్టులో 3 గంటలు గడిస్తే మన లెక్కలో 5 గంటలు. ‘కాలం నెమ్మదిస్తుంది’ అని రాసిన ప్రతిచోటా ఎవరి గడియారం, ఎవరు చూస్తే అన్నది రాయి. రాయలేకపోతే ఆ వాక్యం కొట్టెయ్యి.

ఈ బుద్ధి నాకు పుస్తకాల వల్ల రాలేదు. 1980ల్లో మా బజారులో వాచీలు బాగుచేసే పెద్దాయనకు నా మొదటి వ్యాసం చదివి వినిపించాను. కంటికి భూతద్దం తియ్యకుండా, సన్నటి పట్టకారుతో ఏదో చక్రాన్ని పట్టుకునే విన్నాడు. “అయితే ఆ వాచీలో లోపమా అండీ? స్లో అయితే బాలెన్స్ చక్రం దగ్గర ముల్లు వెంట్రుకవాసి జరుపుతాను, సరిపోతుంది. మీ రాకెట్టు వాచీకి ఎక్కడ జరపాలి?” అన్నాడు. ఎక్కడా జరపనక్కర్లేదు, పక్కన కూర్చున్నవాడికి అది సరిగ్గానే నడుస్తోంది అన్న జవాబు నాకు తట్టలేదు. నీళ్లు నమిలి ఇంటికొచ్చి వ్యాసమంతా తిరగరాశాను.

దాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు వేశాడు, అంకెలన్నీ పీకేసి. అంకెలుంటే పాఠకులు పారిపోతారట. మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, దానికంటే బరువైన కణం) అని ఉన్నచోటల్లా ‘వింత కణం’ అని దిద్ది, పైన ‘కాలాన్ని జయించిన మనిషి’ అని శీర్షిక తగిలించాడు. అందులో మనిషే లేడు.

నువ్వూ ఆ మ్యూయాన్‌ను ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు సరుకంతా అక్కడే ఉంది. సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, గాలిని అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తాకితే పుడుతుంది. సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. దాదాపు కాంతివేగంతో పరుగెత్తినా ఆ లోపల దాటగలిగేది 660 మీటర్లే. అయినా నేలదాకా వస్తోంది. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ మీద, 1,900 మీటర్ల ఎత్తున, డేవిడ్ ఫ్రిష్, జేమ్స్ స్మిత్ అనే భౌతిక శాస్త్రవేత్తలు గంటకు సుమారు 560 మ్యూయాన్లను లెక్కపెట్టారు. కాలం అందరికీ ఒకటే అయితే సముద్రమట్టం దగ్గర 30 మిగిలితే గొప్ప. 400 పైచిలుకు దొరికాయి, నేల మీది మన లెక్కలో వాటి గడియారం నెమ్మదించింది కనుక. 1963లో ఆ లెక్క అచ్చయింది. మరి మ్యూయాన్ వైపు నుంచి చూడు. దాని గడియారంలో ఆయువు ఏమీ పెరగలేదు, అదే 2.2. దానికి కొండే పొట్టిదైపోయింది! కొండ మాట ఒకటి, మ్యూయాన్ మాట ఒకటి. చివర దొరికే మ్యూయాన్ల లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంత సొగసైనది చేతిలో పెట్టుకుని రైవతుణ్ణి పట్టుకున్నావు.

చంద్రుడి మీది మనిషిని ‘బాగున్నావా’ అని అడిగి, జవాబు కోసం, మాట కాంతివేగంతో పోయి రావడానికి పట్టే రెండున్నర సెకన్లు ఊపిరి బిగబట్టడం గురించి రాశావు చూడు, అది ముట్టుకోకు.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు మూడో పేజీ తిరగరాసి పంపు. కాగితానికి ఒకవైపే రాయి. రెండోవైపు నాకు కావాలి.