విమానంలో పంపిన పండుగప్ప పాడైతే కిరాయి వెనక్కిచ్చి సరిపెట్టొచ్చా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. నాలుగేళ్లుగా మొగల్తూరు, భీమవరం చెరువుల్లో పండుగప్ప చేపలు కొని, ఐసు పెట్టి దుబాయ్ పార్టీకి విమానంలో పంపుతున్నాను. ఈ జూన్‌లో శంషాబాద్ నుంచి 40 థర్మాకోల్ పెట్టెలు పంపాం. విమానం మారే చోట సరుకు 31 గంటలు ఆగిపోయి 6వ తేదీన దుబాయ్‌లో దిగింది. 32 పెట్టెలు పాడయ్యాయని అక్కడి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ తిప్పికొట్టారు. ఇన్వాయిస్ మొత్తం 6 లక్షల 50 వేలు. 'పాడయ్యే సరుకు పంపినవాళ్ల రిస్కే, కావాలంటే కిరాయి 80 వేలు వెనక్కిస్తాం' అని ఎయిర్‌లైన్స్ వాళ్లు రాశారు. సరుకు బుక్ చేసిపెట్టిన ఫార్వర్డర్ తాను ఏజెంటునే అంటున్నాడు. ఆలస్యానికి కవర్ లేదని ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పారు. నరసాపురం కోర్టులోనే కేసు వేయొచ్చా?

జవాబు: మీ మెయిల్ నాకు 15న అందింది, అంటే సరుకు దిగిన తొమ్మిదో రోజు. శీర్షికలో అచ్చయ్యేదాకా ఆగితే కేసే మిగలదు కాబట్టి ఆ రాత్రే ఫోన్ చేసి 'ముందు రాతపూర్వకంగా కంప్లయింటు పెట్టండి, మిగతావి తర్వాత' అన్నాను. మీరు పెట్టారు, మంచిది. ఇక ఆ మిగతావి.

విదేశాలకు విమానంలో వెళ్లే సరుకుకి మన దగ్గర వర్తించేది 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం. దాని మూడో షెడ్యూలులో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. మన దేశానికి అది 2009 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ కూడా అందులో ఉంది కాబట్టి మీ సరుకుకి ఇదే చట్టం. సరుకు పాడైతే చేరిన 14 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే 21 రోజుల్లోగా రాసి ఫిర్యాదు చేయాలి. చేయకపోతే, మోసం జరిగితే తప్ప, దావాకి దారి ఉండదు. మీ ఫార్వర్డర్ కుర్రాడు కార్గో ఆఫీసుకి పది ఫోన్లు చేశాడని రాశారు. ఆ ఫోన్లు లెక్కలోకి రావు. ఫిర్యాదు చేయాల్సింది సరుకు అందుకునే హక్కున్నవారు, అంటే ఎయిర్‌వే బిల్లులో (విమాన సరుకు రవాణా కాగితం) ఉన్న మీ దుబాయ్ పార్టీ. అందుకే ఆయన చేత కూడా అదే రోజు మెయిల్ పెట్టించమన్నాను.

మీ మెయిల్‌లో నన్ను కంగారు పెట్టిన మాట 'ఆలస్యం'. ఏడుసార్లు రాశారు. ఎయిర్‌లైన్స్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఇద్దరికీ కావలసింది ఆ మాటే. ఒప్పందంలో 18వ ఆర్టికల్ సరుకు పాడవడం గురించి, 19వది ఆలస్యం గురించి. ఆలస్యమైతే 'మేం చేయగలిగిందంతా చేశాం' అని రుజువు చేసి ఎయిర్‌లైన్స్ తప్పించుకోవచ్చు. తమ చేతిలో ఉండగా జరిగినదాని వల్ల పాడైతే ఆ సాకు చెల్లదు. అప్పుడు వాళ్లకి మిగిలేవి నాలుగే: సరుకు స్వభావమే అంత, ప్యాకింగ్ బాగాలేదు, యుద్ధం, ప్రభుత్వ అధికారుల చర్య. లేనిది రాయమనడం లేదు. మీ చేప 31 గంటలు ఆగినందుకు పాడవలేదు, ఆ 31 గంటల్లో కొంతసేపు చల్లని గదిలో లేనందుకు పాడైంది. అదే రాయండి.

దానికి మీ దగ్గర సాక్ష్యం ఉంది. పదకొండో నంబరు పెట్టెలో పెట్టిన డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే యంత్రం) గ్రాఫు చూశాను. శంషాబాద్‌లో అప్పగించేటప్పుడు 2 డిగ్రీలు. విమానంలోనూ, దిగాక మొదటి రాత్రంతా 3 దాటలేదు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర మధ్య గీత నిచ్చెన వేసినట్టు 19కి ఎక్కింది. జూన్ నెలలో గల్ఫ్ ఎండలో పెట్టెలు విమానాలు ఆగే ర్యాంపు మీద ఉన్నాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చేదాకా సరుకు చల్లగానే ఉందని అదే గ్రాఫు చెబుతోంది. నరసాపురం నుంచి శంషాబాద్ దాకా లారీలో జరిగేది ఈ చట్టం కిందికి రాదు. 'మీ లారీలోనే పాడైంది' అనే వాదనకి అక్కడితో సరి.

'చేప పాడయ్యే వస్తువే కదా' అంటారు. అవును, అందుకే కదా విమానం కిరాయి కట్టింది! అయినా ఆ వాదన తేలిగ్గా తీసుకోవద్దు. 48 గంటలు తట్టుకునేలా జెల్ ప్యాకులు పెట్టామన్నారు. ప్యాకింగ్ ఫొటోలు, పెట్టెకి ఎంత ఐసు పెట్టారో చూపే ప్యాకింగ్ షెడ్డు రిజిస్టరు, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ వాళ్ల హెల్త్ సర్టిఫికెట్ ఒకచోట పెట్టండి. ఇక ఇన్‌స్పెక్టర్ తిప్పికొట్టడాన్ని 'అధికారుల చర్య' అని ముందుకి తెస్తారు. ఆయన చూసేటప్పటికే చేప పాడైంది, ఆయన చేసింది చెప్పడమే. తిరస్కరణ కాగితంలో కారణం ఏమని రాశారో అరబిక్ నుంచి తర్జుమా చేయించండి.

డబ్బు విషయానికొస్తే, 'కిరాయి మాత్రమే ఇస్తాం' అన్న షరతు కాగితం వెనక అచ్చేసినా, రబ్బరు స్టాంపు గుద్దినా చెల్లదు. ఒప్పందం పెట్టిన పరిమితికన్నా తక్కువకి దిగే ఏ షరతైనా 26వ ఆర్టికల్ ప్రకారం రద్దు. ఆ పరిమితి కిలోకు 26 ఎస్డీఆర్. ఎస్డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే ప్రమాణం. 2024 డిసెంబర్ 28కి ముందు ఇది 22 ఉండేది. ఎస్డీఆర్‌ని 120 రూపాయలు అనుకుందాం. పాడైన 32 పెట్టెల బరువు ఎయిర్‌వే బిల్లు ప్రకారం, పెట్టెకి 25 కిలోల చొప్పున, 800 కిలోలు. లెక్క దాదాపు 25 లక్షలు తేలుతుంది, పాత 22 పట్టుకున్నా 21 లక్షలు దాటుతుంది. మీకు 25 లక్షలు వస్తాయని కాదు! అసలు నష్టమే వస్తుంది, అంటే చేప విలువ 5 లక్షల 20 వేలు, దానికి సంబంధించిన కిరాయి. చేపలు, రొయ్యలు, మామిడి పంపేవాళ్లకి ఈ పరిమితి దాదాపు ఎప్పుడూ అడ్డురాదు. అయినా ఎయిర్‌లైన్స్ పరిమితి పేరు చెప్పగానే మనవాళ్లు బెదిరిపోయి కిరాయి తీసుకుని సంతకం పెట్టేస్తారు. 'పూర్తిగా సెటిల్ అయింది' అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయకండి.

ఫార్వర్డర్ సంగతి. మీరు పంపిన ఫొటోలో హౌస్ ఎయిర్‌వే బిల్లు ఆయన కంపెనీ పేరుతోనే ఉంది. అలా సొంత పేరుతో బిల్లిచ్చి సరుకు చేరుస్తానన్నవారు, విమానం లేకపోయినా, మీతో రవాణా ఒప్పందం చేసుకున్న రవాణాదారే. నోటీసులో ఆయన్నీ చేర్చండి. ఇంకోటి, ఆ బిల్లులో హ్యాండ్లింగ్ గడిలో 'పీఈఎస్' అని ఉంది, అంటే చేపలు. చల్లగా ఉంచమని చెప్పే 'సీఓఎల్' కోడ్ లేదు. మీరు ఆయనకిచ్చిన సూచనల కాగితంలో 'చల్లగా ఉంచాలి' అని ఉంటే, ఆ తప్పు ఆయన మెడకే. లేకపోతే ఎయిర్‌లైన్స్ దాన్ని మీ మీదికి తిప్పుతుంది. ఆ కాగితం వెతకండి.

ఇన్సూరెన్స్ మీద నాకంత ధీమా లేదు. విమాన సరుకుకి మామూలుగా వాడే ఇన్‌స్టిట్యూట్ ఎయిర్ క్లాజుల్లో ఆలస్యం వల్ల వచ్చే నష్టం మినహాయింపే. గ్రాఫు పంపి, కారణం హ్యాండ్లింగ్ తప్పు అని రాసి, క్లెయిమ్‌ని మళ్లీ చూడమనండి. ఫ్రోజెన్ రొయ్యలకి విడిగా ఉండే క్లాజుల్లో ఫ్రిజ్ యంత్రం చెడినందువల్ల వచ్చే ఉష్ణోగ్రత నష్టం, అది వరసగా 24 గంటలు ఆగితేనే కవరవుతుంది. ఈసారి పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటుని ఆ ముక్క చదివి వినిపించమనండి, మొహం చూడాలి.

కోర్టు నరసాపురంలో కుదరదు. ఎయిర్‌లైన్స్ నమోదైన చోట, వాళ్ల ప్రధాన కార్యాలయం ఉన్నచోట, మీ రవాణా ఒప్పందం చేసిన వాళ్ల శాఖ ఉన్నచోట, లేదా గమ్యంలో వేయాలి. మీకు దగ్గర హైదరాబాద్. 3 లక్షలు దాటిన వ్యాపార తగాదా కాబట్టి కమర్షియల్ కోర్టు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. దావాకి గడువు రెండేళ్లు, ఆ తర్వాత హక్కే పోతుంది. మధ్యవర్తిత్వంలో గడిచిన నెలల్ని ఈ రెండేళ్లలోంచి తీసేస్తారనుకుని కూర్చోవద్దు. మధ్యవర్తిత్వం దరఖాస్తు ఈ ఆగస్టులోపే పడేయండి.

బ్యాంకుకి కూడా ఒక ఉత్తరం రాయండి. డబ్బు రాకపోతే ఆ షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి కాగితం) వాళ్ల దగ్గర తెరిచే ఉండిపోయి, తర్వాతి సరుకు కాగితాలకి అడ్డం పడుతుంది. తిరస్కరణ కాగితం జత చేసి 8 పెట్టెల డబ్బు ఎంత వచ్చిందో చెప్పండి. ఆ లాగర్ ఇంకా మీ పార్టీ గోడౌన్‌లోనే ఉందన్నారు. పీడీఎఫ్ ఒక్కటీ చాలదు, యంత్రమే కావాలి. ఎవరైనా దుబాయ్ నుంచి సెలవుకి వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపమనండి.