అలసటలో వచ్చిన మార్కులను బట్టి గ్రూపు నిర్ణయించకండి

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిరుటి నుంచి ఐఐటీ ఫౌండేషన్ తరగతులకు వెళ్తోంది. రాత్రి పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేస్తుంది. ఈ ఏడాది మార్కులు తగ్గాయి. తరచూ తలనొప్పి, నీరసం అంటోంది. ఇష్టమైన త్రోబాల్ మానేసింది, మాటలు తగ్గించింది. ఎంపీసీ వద్దనుకుని, ఇంటర్‌లో బైపీసీకి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించాలా?

జవాబు: అమ్మా, ఎంపీసీ మీ అమ్మాయికి సరిపోతుందో లేదో ఈ మార్కులను చూసి చెప్పడం న్యాయం కాదు. అవి ఆమె గణిత సామర్థ్యాన్ని కాక, ఐదున్నర గంటల నిద్రతో నెట్టుకొస్తున్న శరీరపు స్థితిని తెలుపుతూ ఉండవచ్చు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఈ వయసులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, పెందలాడే పడుకోమన్నా నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు. పదిన్నరకల్లా పుస్తకాలూ ఫోనూ పక్కన పెట్టించి, ఉదయం ఆరున్నర దాకా పడుకోనివ్వండి. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర తోడ్పడుతుంది కనుక, తెల్లవారుజాము చదువు పోయిందని బెంగపడకండి.

నీరసం, తలనొప్పి ఉన్నాయి కాబట్టి రక్తపరీక్ష తప్పక చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే డాక్టరు సలహాతో ఐరన్ మాత్రలు వాడించండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే అదీ చెప్పండి. భోజనంతోపాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆమె త్రోబాల్ మానేయడం. ఇష్టమైన ఆట మీద ఆసక్తి పోవడం, మాటలు తగ్గడం రెండు వారాలకు మించి కొనసాగితే దాన్ని చదువు ఒత్తిడిగా సరిపెట్టుకోకూడదు. మార్కుల ప్రస్తావన లేకుండా ఆమెతో కూర్చోండి. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని సూటిగా, మృదువుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. వచ్చిందంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. విశాఖలోని చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక గ్రూపు సంగతి. లెక్కల భారం తగ్గుతుందని బైపీసీ తీసుకుంటే నీట్ ఎదురవుతుంది, అక్కడా పోటీ తక్కువ కాదు. జీవశాస్త్రం మీద నిజమైన ఆసక్తి ఉంటేనే ఆ దారి ఎంచుకోవాలి. మాటలు తగ్గించిన పిల్లను ఈ స్థితిలో ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంచడం నాకు సమ్మతం కాదు. గ్రూపు ఎంచుకోవలసింది పదో తరగతి తరువాతే కాబట్టి మీకు వ్యవధి ఉంది. ఫౌండేషన్ తరగతులను రెండు నెలలు ఆపించి, సాయంత్రం ఆటకు పంపండి. ఆ తరువాత జరిగే స్కూలు పరీక్షల మార్కులతో, ముఖ్యంగా అమ్మాయిని వెంటబెట్టుకుని రండి. ఏ సబ్జెక్టు ఇష్టమో ఆమె నోటనే విని మాట్లాడుకుందాం.