లోకల్ ఛానల్ పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తెనాలిలో న్యూస్ ఛానల్ పెట్టాలనుకుంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. తనకి టెన్షన్‌గా ఉన్నట్టుంది కానీ, నాకు మాత్రం సంతోషమే. కెమెరా ఏది కొనాలో మామయ్యని అడగమన్నావట. అది తర్వాత చూద్దాం. నీ వార్త ఇంటింటికీ చేరే దారి ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చుకో. మా లోకల్ ఛానల్ పైకి రావడానికీ, మూతపడడానికీ కూడా అదే కారణం.

అనలాగ్ రోజుల్లో, అంటే సెట్‌టాప్ బాక్సులు రాకముందు, కేబుల్ ఆపరేటర్ కంట్రోల్ రూములో ఒక వీసీఆర్, దాని బొమ్మని కేబుల్లోకి ఎక్కించే మాడ్యులేటర్ ఒకటి ఉంటే ఖాళీగా ఉన్న నంబర్లో సొంత ఛానల్ నడిచేది. సినిమాలు, మధ్యమధ్యలో బట్టల కొట్ల ప్రకటనలు వేసేవారు. మేము అందులోనే సాయంత్రం అరగంట అడిగి తీసుకుని బులెటిన్ మొదలుపెట్టాం. 2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాక ఇక లోకల్ వాళ్ల పని అయిపోయిందన్నారు. మాకు మాత్రం చూసేవాళ్లు తగ్గలేదు. నిమ్మకాయల యార్డులో ఆ రోజు ధర, ఏ వార్డుకి నీళ్లు రావు, ఏ కాలువకి ఎప్పుడు నీళ్లు వదులుతారు అనేవి హైదరాబాద్ స్టూడియోలు చెప్పవు కదా.

2009 అక్టోబరు వరదలప్పుడు మా విలువేమిటో ఊరంతా చూసింది. పెద్ద ఛానళ్లన్నీ మునిగిపోయిన కర్నూలునీ, ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కుల ప్రవాహాన్నీ చూపించాయి. అది న్యాయమే, అంత పెద్ద వరద అది. కానీ కొల్లూరు, కొల్లిపర మండలాల లంకల్లో ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో, ఏ శిబిరానికి చేరారో చెప్పేవాళ్లు లేరు. మా స్ట్రింగర్లు, అంటే మండలాల్లో వార్తలు పంపే కుర్రాళ్లు, కరకట్ట మీదే తిండీ నిద్రా కానిచ్చి పేర్లు రాసి పంపేవారు. లంకల్లో కరెంటు లేక టీవీలు ఆగిపోయినా, తెనాలిలో ఉన్న బంధువులు స్క్రోలింగ్‌లో ఆ పేర్లు వెతుక్కునేవారు. నువ్వు ఛానల్ పెట్టేది ఇలాంటి రోజు కోసమని గుర్తుపెట్టుకో. మామూలు రోజుల్లో సన్మానాలూ ప్రారంభోత్సవాలూ వేయక తప్పదు, వాటికి సిగ్గుపడక్కర్లేదు. మనిషి పేరు తప్పుగా చదవడానికి మాత్రం సిగ్గుపడాలి.

తర్వాత డిజిటల్ వచ్చింది. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించారు. హైదరాబాద్, విశాఖలకు 2013 మార్చి గడువు పెట్టారు. ఆ తర్వాత మన ఊళ్ల వంతు, చివరికి 2017 మార్చి కల్లా పల్లెల దాకా సెట్‌టాప్ బాక్సులు అన్నారు. బొమ్మ బాగుపడింది, నిజమే. కానీ ఊళ్లో ఆపరేటర్ తీగలో మన ఛానల్‌ని కలిపే వీలు పోయింది. ఏం కలపాలన్నా ఎంఎస్‌ఓ, అంటే ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ, హెడ్‌ఎండ్ అనే తన కేంద్రంలోనే కలపాలి. వాళ్లు నంబరిస్తేనే మనం ఉంటాం. నెలనెలా కట్టమన్నది కట్టాలి. ఆ డబ్బు మా ప్రకటనల ఆదాయం కంటే ఎక్కువైంది. ఈలోగా ఊరి వార్త వాట్సాప్‌లో ఉచితంగా తిరగడం మొదలైంది. బట్టల కొట్టువాళ్లు కూడా అటే వెళ్లారు. చందాదారుడు నెలనెలా కట్టేది ఆపరేటర్‌కి. ఆ రూపాయిలో మాకు ఏనాడూ వాటా లేదు.

అందుకని నీకు చెప్పేదేమిటంటే, ఒకే ఎంఎస్‌ఓని నమ్ముకుని స్టూడియో కట్టకు. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం ఎంఎస్‌ఓలు నడిపే సొంత ఛానళ్లని ప్లాట్‌ఫామ్ సర్వీస్ అంటున్నారు. అందులో వేసిన కార్యక్రమం ఇంకో ఎంఎస్‌ఓకి ఇవ్వకూడదు. అంటే నువ్వు పూర్తిగా వాళ్ల మనిషివే అవుతావు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఫుటేజీ హక్కులు నీ దగ్గరే ఉంచుకో. లోగో కూడా నీ పేరు మీదే రిజిస్టర్ చేయించు. మొదటి రోజు నుంచే యూట్యూబ్‌లో కూడా వేసుకునే హక్కు అందులో రాయించు. యూట్యూబ్‌కి కూడా 2021 ఐటీ రూల్స్ ఉన్నాయి. ఫిర్యాదులు వినే మనిషిని పెట్టుకుని 15 రోజుల్లో జవాబివ్వాలి. అది భారం అనుకోకు, ఆ జవాబులే నీ మీద నమ్మకం పెంచుతాయి.

ఎన్నికలప్పుడు డబ్బు వరదలా వస్తుంది. పార్టీ ప్రకటన ఏదైనా ఎంసీఎంసీ, అంటే ఎన్నికల ప్రకటనల్ని ముందే పరిశీలించే కమిటీ, ఇచ్చిన సర్టిఫికెట్ చూశాకే వెయ్యి. ప్రకటనని వార్తలా చదివించమని అడిగేవాళ్లు ఉంటారు, ఎంతిస్తామన్నా వద్దను. నెల రోజుల ఆదాయం కోసం ఆ పని చేస్తే తర్వాత కరకట్ట మీద నుంచి నువ్వు చెప్పే మాట కూడా ఎవరూ నమ్మరు.

స్ట్రింగర్ల సంగతి అన్నిటికంటే ముఖ్యం. చాలాచోట్ల వాళ్ల చేతికి మైకు గొట్టం, మెడలో కార్డు ఇచ్చి, నీ తిండి నువ్వే చూసుకో అంటారు. మండలాల్లో వసూళ్లు అక్కడే మొదలవుతాయి. పదిమందిని పెట్టుకుని ఎగ్గొట్టే బదులు ముగ్గురిని పెట్టుకుని నెలనెలా జీతం ఇవ్వు. పెట్రోలు ఖర్చు వేరే ఇవ్వు. ఆరు నెలల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో వేసి, దాన్ని ముట్టుకోకుండా ఉంచు. ఒకవేళ మూసేయాల్సి వస్తే రెండు నెలల ముందే వాళ్లకి చెప్పు. ఒక ఉదయం వచ్చి ఆఫీసుకి తాళం చూసిన కుర్రాళ్లని నేనెరుగుదును. వాళ్లలో మంచి రిపోర్టర్లు ఈ వృత్తిలోకి మళ్లీ రాలేదు.

ఇంకో పని కూడా ఉంది. 2004, 2016 కృష్ణా పుష్కరాల విజువల్స్, ఆ వరద ఫుటేజీ మా ఇంట్లో మినీ డీవీ టేపుల్లోనూ హార్డ్ డిస్కుల్లోనూ ఉన్నాయి. టేపులకి బూజు పడుతోంది. అవి ఆడే క్యామ్‌కార్డర్ ఇంకా నా దగ్గర పనిచేస్తోంది. ఛానల్ పెట్టినా పెట్టకపోయినా ముందు వచ్చి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించు. అదయ్యాక కూర్చుని నీ ఖర్చుల లెక్క చూద్దాం. కరెంటు బిల్లు, ఎడిటర్ జీతంతో సహా నెలవారీగా అన్నీ రాసుకుని రా.

ఇట్లు
మీ మామయ్య