మెటా ట్యాగులకి డబ్బులు కట్టకు తల్లీ

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. నీ వంటల బ్లాగుకి మెటా ట్యాగులు (పేజీ వెనకుండే కోడ్‌లో, ఆ పేజీ గురించి సెర్చ్ ఇంజిన్లకి చెప్పే చిన్న రాతలు) పెట్టిస్తే గూగుల్‌లో మొదటి పేజీకి వచ్చేస్తుందని ఎవరో ఐదు వేలు అడుగుతున్నాడని, ఇవ్వమంటావా పెదనాన్నా అని అడిగావు. ఇవ్వకు. ఎందుకు వద్దంటున్నానో కూడా తెలుసుకో, లేకపోతే రేపు ఇంకొకడొచ్చి ఇదే సరుకుని ఇంకో పేరుతో అంటగడతాడు.

నీ బ్లాగు సోర్స్, అంటే పేజీ వెనకుండే కోడ్, తెరిచి చూశాను. కంప్యూటర్లో పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి వ్యూ పేజ్ సోర్స్ అంటే నీకూ కనిపిస్తుంది, పైనున్న హెడ్ భాగంలో ఉంటాయి ఇవన్నీ. కీవర్డ్స్ ట్యాగులో గోంగూర, పచ్చడి, ఆంధ్రా వంటలు, ఈజీ రెసిపీ, బెస్ట్ రెసిపీ అంటూ మొదలుపెట్టి చివరికి బిగ్ బాస్ దాకా వెళ్ళావు. పచ్చళ్ళ బ్లాగులో బిగ్ బాస్ ఏంటమ్మా! 1990లలో ఆల్టావిస్టా, ఇన్ఫోసీక్ లాంటి సెర్చ్ ఇంజిన్లు ఈ ట్యాగుని పట్టించుకునేవి. చదివేవాళ్ళకి కనపడదు, అడిగేవాడు లేడు, అందుకని జనం దాంట్లో నోటికొచ్చిందల్లా కుక్కేశారు. గూగుల్ ఏమో పేజీలో ఉన్న రాతనీ, ఆ పేజీకి బయటినుంచి వచ్చే లింకులనీ నమ్ముకుని పైకొచ్చింది. వెబ్ ర్యాంకింగ్‌లో కీవర్డ్స్ ట్యాగుని అసలు వాడట్లేదని 2009 సెప్టెంబరులో వాళ్ళే బాహాటంగా చెప్పేశారు. అది జరిగి ఇన్నేళ్ళయినా దాని పేరు చెప్పి డబ్బులడుగుతున్నారంటే మనవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. తీసి పారెయ్ ఆ ట్యాగుని.

డిస్క్రిప్షన్ ట్యాగు, అంటే పేజీలో ఏముందో రెండు ముక్కల్లో చెప్పేది, దాని సంగతి వేరు. దానివల్ల కూడా ర్యాంకు పెరగదు, అది కూడా అప్పుడే చెప్పారు. కానీ ఫలితాల్లో నీ టైటిల్ కింద రెండు లైన్లు కనిపిస్తాయి చూడు, అక్కడ ఒక్కోసారి అదే వేస్తారు. కొట్టు ముందు బోర్డు లాంటిదనుకో, వీధిని మార్చలేదు గానీ వీధిలో పోయేవాణ్ణి లోపలికి పిలుస్తుంది. నువ్వు టెంప్లేట్‌లో చేత్తో అతికించిన డిస్క్రిప్షన్ ఒకటే అన్ని పోస్టులకీ వస్తోంది, "రుచికరమైన తెలుగు వంటల గురించి తెలుసుకుందాం రండి" అని. అది తీసేసి, నీ బ్లాగు నడిచే గూగుల్ వాళ్ళ బ్లాగర్ సెట్టింగ్స్‌లో మెటా ట్యాగ్స్ దగ్గర సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చెయ్యి. అప్పుడు పోస్టు రాసేచోట పక్కనే ఒక పెట్టె వస్తుంది. గోంగూర పోస్టుకి అందులో ఇలా రాయి: "ఎర్ర గోంగూర నిల్వ పచ్చడి. ఆకు ఎంతసేపు ఆరబెట్టాలి, కిలో ఆకుకి ఉప్పూ కారం ఎంత, బూజు పట్టకుండా ఏం చెయ్యాలి." వెతికేవాడికి కావలసింది అదే కదా. ఇంత రాసినా గూగుల్ ఒక్కోసారి దాన్ని పక్కనపెట్టి, వెతికేవాళ్ళు అడిగినదానికి సరిపోయే వాక్యం నీ పోస్టులోంచి తీసి వేసుకుంటుంది, దానికి బాధపడకు.

నిజంగా పనిచేసేది టైటిల్. దాన్ని మెటా ట్యాగు అనరు గానీ జనం అన్నిటినీ ఒకే మూట కట్టేస్తారు. నీ పోస్టు పేరు "అమ్మ చేతి కమ్మదనం"! వినడానికి ఎంత బాగున్నా, ఆకలేసినవాడెవడూ గూగుల్‌లో అలా కొట్టడు. "గోంగూర నిల్వ పచ్చడి" అని పెట్టు, కమ్మదనం లోపల ఎంతైనా రాసుకో. పోస్టు లోపల, తెలంగాణలో పుంటికూర అంటారు కదా, ఆ మాట కూడా ఒకచోట పడనీ. మన జనంలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు, కాబట్టి వంట పేరు అలా కూడా ఒక్కసారి రాయి. ఒక్కసారి చాలు, పేరాకి పదిసార్లు అక్కర్లేదు. ఇంకోటి, కిలో ఆకుకి ఎన్ని మిరపకాయలో నువ్వు ఫోటో మీద రాశావు, అది వాక్యంగా పోస్టులో ఉండాలి. ఫోటోలో ఉన్న లెక్కని నమ్ముకోకు, ఫోనులో చదివేవాళ్ళకి కూడా కష్టమే.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. పైకి లేపే మెటా ట్యాగు లేదు గానీ, ముంచేది ఒకటుంది, రోబోట్స్ ట్యాగు, పేజీని చూపించాలో వద్దో సెర్చ్ ఇంజిన్లకి చెప్పేది. అందులో నోఇండెక్స్ అని ఉంటే ఆ పేజీ గూగుల్‌లో కనిపించదు, ఎంత బాగా రాసినా సరే. బ్లాగర్‌లో క్రాలర్స్ అండ్ ఇండెక్సింగ్ దగ్గర కస్టమ్ రోబోట్స్ హెడర్ ట్యాగ్స్ ఉంటాయి, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని అక్కడ పోస్టులకి నోఇండెక్స్ నొక్కేసి, ఆరు నెలలైనా ఒక్కడూ రావట్లేదేమిటని ఏడ్చేవాళ్ళున్నారు. వర్డ్‌ప్రెస్ వాళ్ళకైతే సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద సెర్చ్ ఇంజిన్లని రావద్దనే టిక్కు ఒకటి ఉంటుంది, సైటు కట్టేటప్పుడు పెట్టి తర్వాత తీయడం మర్చిపోతారు. నీది ఈ రాత్రే చూడు. అర్థం కాకపోతే ఆ కస్టమ్ ట్యాగులు ఆఫ్ చేసేసెయ్, ఏం పోదు.

వాట్సాప్‌లో లింకు పెడితే బొమ్మ రావట్లేదన్నావు, అది ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల పని, లింకు పంపితే ఏ బొమ్మ, ఏ పేరు చూపాలో చెప్పేవి అవే. నువ్వు ఎక్కడో దింపుకున్న ఆ టెంప్లేట్‌లో అవి లేవు. ర్యాంకుకీ వాటికీ సంబంధం లేదు, కానీ నీ పాఠకుల్లో సగంమంది మన చుట్టాల గ్రూపుల్లోంచే కదా వచ్చేది, కాబట్టి పెట్టుకో. బ్లాగర్ వాళ్ళ సొంత థీమ్‌కి మారితే ఇంకా సుఖం.

సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో సొంతదారుకి చూపించే గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగు చేర్చుకో, పైసా ఖర్చు లేదు. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో గోంగూర పోస్టు లింకు వేస్తే అది గూగుల్లోకి ఎక్కిందో లేదో, ఎక్కకపోతే ఎందుకో అదే చెప్తుంది. జనం ఏ మాటలు కొట్టి నీ దగ్గరకొస్తున్నారో కూడా అందులో కనిపిస్తుంది, తర్వాత పోస్టు దేనిమీద రాయాలో అక్కడ చూసుకో. రోజూ నీ ర్యాంకు చూసుకుని టెన్షన్ పడకు, మార్పులు కనపడటానికి వారాలు పడుతుంది.

అన్నట్టు, ఆ మనిషికి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? నీ బ్లాగు పాస్‌వర్డ్ గనక చెప్పి ఉంటే ముందు అది మార్చు, మిగతావి రేపు చూద్దాం.

పెదనాన్న