పదేళ్లుగా పాడుబడ్డ పెరట్లో పండ్ల మొక్కలు: ముందు నేల సంగతి చూడండి

ఇంటి వెనక పదేళ్లుగా కంప పెరిగిన ఆరు గుంటల జాగాలో ఈ వానాకాలమే పండ్ల మొక్కలు పెట్టొచ్చా అని అడిగారు. నన్నడిగితే ఒక్క ఎండాకాలం ఆగండి. తొందరపడి చేతులు కాల్చుకున్నవాణ్ణి.

మహబూబ్‌నగర్ వైపు మా అమ్మమ్మ వాళ్ల పెరడూ ఇలాగే ఉండేది. సగం సర్కారు తుమ్మ, సగం వయ్యారిభామ. జేసీబీ పిలిపించి ఒక్క పూటలో నున్నగా చేయించి, ఫొటోలు కూడా తీసుకున్నా. రెండు వానలు పడ్డాయో లేదో, ఒక్కో తుమ్మ మొద్దుకు ఐదారు కొత్త కొమ్మలు! నేలకు సమంగా కొడితే ఈ చెట్టు చావదు, మట్టిలో ఉన్న మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ అడుగు లోతున తవ్వి మొదలుతో సహా పెకలించాలి. ఇంకో నష్టం కూడా జరిగింది. జేసీబీ బకెట్‌తో గీకిన గీకుడికి పైమట్టంతా గట్టుకు చేరి, మధ్యలో రాళ్ల మొరం తేలింది. మా వైపు ఎర్రమట్టి చెలక నేలల్లో ఆ పైమట్టే మన ఆస్తి. కాబట్టి డ్రైవర్‌కు ముందే చెప్పండి, మొద్దులు పీకాలి తప్ప నేల చదును చేయొద్దని.

వయ్యారిభామను పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు చేతులకు గ్లవ్స్ వేసుకుని పీకేయండి. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. తుంగ ఉంటే ఏప్రిల్, మే నెలల్లో లోతుగా దున్నించి దాని దుంపల్ని ఎండకు వదిలేయాలి. తొలకరికి ఖాళీ జాగా అంతా జనుము చల్లి, పూతకొచ్చాక కలియదున్నండి. కలుపూ అణుగుతుంది, నేలకు ఎరువూ అవుతుంది.

గోతులు మే నెలలోనే తవ్వించాలి. మామిడికి మూడడుగుల గొయ్యి, జామకు, నిమ్మకు రెండడుగులు. బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి పైమట్టిలో కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదల్ని పిలిచినట్టే.

ఆరు గుంటలకు రెండు మామిళ్లు చాలు, పెద్దయ్యాక ముప్పై అడుగుల ఎడం కావాలి మరి. సీతాఫలం మాత్రం తప్పక పెట్టండి. మా వైపు బాలానగర్ రకం రాళ్ల నేలలో కూడా బతుకుతుంది, దాని ఆకు మేకలు ముట్టవు.

ఇక నా మామిడి భాగోతం. బంగినపల్లి అంటు తెచ్చి పెట్టాను. మొదటి ఎండాకాలంలో ఎండిపోయినట్టే పోయి, కింది నుంచి చిగురేసింది. బతికిందని మురిసిపోయి మూడేళ్లు నీళ్లు పోశాను. పక్కింటి తాత ఒకరోజు వంగి చూసి, "బిడ్డా, అంటు ఎప్పుడో సచ్చింది. ఇది కింది టెంక మొక్క" అన్నాడు. అంటు ముడి, అంటే మంచి రకం కొమ్మను టెంక మొక్కకు అతికించిన చోటు, నేలకు జానెడు పైనే ఉండేలా నాటండి, దాని కింద చిగురొస్తే వెంటనే గిల్లేయండి. మా చెట్టును కొట్టడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. కాయ పుల్లగా ఉంటుంది, పప్పులోకి వాడుతోంది.