మా అత్తగారి విజయనగరంలో ఏం చూడాలి?

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అత్తగారిది విజయనగరం. ‘మాది కళల ఊరు’ అని ఎప్పుడూ అంటారు. కిందటేడు వెళ్తే నాకు కోటగోడ, ట్రాఫిక్, బట్టల షాపులే కనిపించాయి. ఈసారి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి పిల్లలతో వెళ్తున్నాం. అసలు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ అత్తగారు చెప్పింది నిజం. నేను ఆ ఊళ్లోనే ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. కారులోంచి చూస్తే ఆ ఊరు దొరకదు. గంటస్తంభం దగ్గర దిగిపోండి. అది 1885లో కట్టింది. అక్కణ్నుంచి కోటకి నడకే. కోటకి 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారు. సింహద్వారం దగ్గర పిల్లల్ని తలెత్తి చూడమనండి. పైనున్నది నగారాఖానా. గుమ్మం నెత్తిమీదే వాద్యానికి చోటు పెట్టి కట్టిన కోట అది.

తర్వాత సంగీత కళాశాల. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదని, అతని కోసమే రాజావారు 1919లో దాన్ని పెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఘంటసాల జోలె పట్టుకుని, ఇంటింటా అన్నం అడిగి మధుకరం ఎత్తుకుంటూ చదువుకున్నది కూడా అక్కడే.

ఆ మధుకరం సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఆయన నిలబడ్డ గుమ్మాలు ఎలాంటివనుకున్నారు? పెంకుటిళ్లు, వీధివైపు రెండు అరుగులు, లోపల మండువా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, పిలవక్కర్లేదు. మా అమ్మమ్మగారి ఇల్లూ అంతే. సాయంత్రం అరుగు మీద సాధన చేస్తుంటే ఒకరోజు ఆకుకూరలమ్మే ఆవిడ గంప దించి, ‘పంచమం తీగ దిగింది పాపా, శృతి చూసుకో’ అంది. చూశాను, నిజంగానే దిగింది! ఆవిడ ఏ క్లాసులో నేర్చుకుంది? రోజూ ఆ వీధుల్లో తిరిగి, వినీవినీ నేర్చుకుంది. అందుకే ఆ ఇళ్లనీ ఆ సంగీతాన్నీ నేను విడదీసి చూడలేను.

ఆ అరుగు ఇప్పుడు లేదు. ముందు కాలవ కోసం కొట్టారు, తర్వాత వాటాలు పంచుకుని అపార్ట్‌మెంట్ కట్టారు. నాకు ఇప్పటికీ బాధే. అయినా గురజాడవారి ఇల్లు నిలిచి ఉంది, తప్పకుండా చూడండి. ఆయన ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది కూడా ఆ ఊళ్లోనే, 1892లో. సందుల్లో ఇంకా కొన్ని పెంకుటిళ్లున్నాయి. చిన్నప్పుడు ఏ అరుగు మీద ఆడుకున్నారో మీ అత్తగారిని చూపించమనండి. ఆవిడకంటే మంచి గైడ్ మీకు దొరకరు.

సిరిమాను మంగళవారం. మీరు సోమవారానికే చేరుకోండి, ఆ రాత్రి తొలేళ్లు, అంటే సిరిమానుకి ముందురాత్రి సంబరం. తప్పెటగుళ్లవాళ్లు కనిపిస్తే పిల్లల్ని దగ్గరగా నిలబెట్టండి. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని వాయిస్తూ గెంతుతారు. మర్నాడు జనం ఎక్కువ, పిల్లల చెయ్యి వదలొద్దు.

ప్రశ్న: మా పాపకి వీణ కొనాలి. బొబ్బిలి వెళ్లమంటారా?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: వెళ్లండి బాబూ. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి, వీణలు చేసే ఊరు. పనసకర్ర ఒకే దుంగని తొలిచి చేసేదాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఒక మాట, షోకేసులో పెట్టుకునే చిన్న వీణలూ అక్కడే అమ్ముతారు, అవి వాయించడానికి కావు. పాపని కూడా తీసుకెళ్లి, వీణ ఒళ్లో పెట్టి చూడండి. చెయ్యి చివరి మెట్టుదాకా అందాలి. తీగలు మీ ఎదురుగా కట్టించి, శృతి చేయించి, విన్నాకే డబ్బివ్వండి.