బెలూనా, వాల్వు మార్పిడా? మా అమ్మకు రెండూ జరిగాయి

మీ అక్కగారికి 34 ఏళ్లు, ఎకోలో (గుండె స్కాన్‌లో) మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపు, సన్నబడి ఏరియా 1.0 అని వచ్చింది, ఒక డాక్టరు బెలూన్ చాలన్నారు, ఇంకొకరు వాల్వు మార్చాలన్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకు 2003లో బెలూన్ చేశారు, 2017లో వాల్వు మార్చారు. రెండుసార్లూ పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందుగా, ఏదో ఒకటి చేయించడం మాత్రం వాయిదా వేయకండి. ఈ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1.5కి తగ్గితేనే తీవ్రం అంటారు. మీ అక్కగారికి ఆయాసం కూడా ఉందని రాశారు.

మా అమ్మ విషయంలో మేం రెండేళ్లు పోగొట్టుకున్నాం. నాట్లకు వెళ్తే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. ఊళ్లో ఉబ్బసం అని మందులిచ్చారు, మేమూ నమ్మాం. చివరికి టౌన్‌లో ఒక డాక్టరు అమ్మను ఎడమపక్కకు తిరిగి పడుకోమని, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్లు వాచాయా?" అమ్మకు గుర్తులేదు. అమ్మమ్మకు గుర్తుంది. పదేళ్ల వయసులో మోకాళ్లు, చీలమండలు వాచి నెలరోజులు బడికి పోలేదట. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల వచ్చే రుమాటిక్ జ్వరం అది. కీళ్లు తగ్గిపోతాయి, వాల్వుకు తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. వాల్వు రెక్కలు అంచుల దగ్గర అతుక్కుపోయి, ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

ఇక మీ ప్రశ్న. ఇద్దరు డాక్టర్ల మాట తేడా రావడానికి కారణం చాలాసార్లు ఏరియా అంకె కాదు, మిగతా రిపోర్టు. బెలూన్ అంటే తొడ దగ్గర సిర ద్వారా ట్యూబు పంపి, గుండె పైగదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, వాల్వులో బెలూన్ ఉబ్బించి, అతుక్కున్న అంచులను విడదీయడం. జపాన్ సర్జన్ కాంజి ఇనోవే తయారుచేసిన పద్ధతి ఇది. రెక్కలు ఇంకా మెత్తగా కదులుతుంటే చాలా బాగా పనిచేస్తుంది. కాల్షియం బాగా పట్టి గట్టిపడినా, వాల్వు ఎక్కువగా లీకవుతున్నా బెలూన్ వల్ల లీకు ఇంకా పెరగొచ్చు. ఎడమ పైగదిలో రక్తం గడ్డ ఉంటే బెలూన్ చేయరు, అది కదిలితే పక్షవాతం వస్తుంది. ఆ గడ్డ మామూలు ఎకోలో కనబడకపోవచ్చు. అందుకే నోటిలోంచి గొట్టం దించి చేసే టీఈఈ ఎకో కావాలి. మీరు రాసినదాంట్లో ఆ పరీక్ష ఊసే లేదు. అది అయ్యిందా అని రేపే అడగండి. ఇద్దరినీ రిపోర్టు ముందు పెట్టుకుని "బెలూన్‌కి ఏది అడ్డం?" అని అడగండి. జవాబు సూటిగా వస్తుంది.

అమ్మకు బెలూన్ తర్వాత ఏరియా 0.9 నుంచి 1.9కి వచ్చింది. మూడోరోజు ఇంటికొచ్చాం. పద్నాలుగేళ్లు బాగా గడిచాయి. తర్వాత మళ్లీ సన్నబడింది, ఈసారి కాల్షియం, నాడి కూడా లయ తప్పింది. అందుకే ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు పెట్టారు. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి పక్కన కూర్చుంటే గడియారంలా టిక్ టిక్ వినిపిస్తుంది. మొదట్లో భయపడ్డాం, ఇప్పుడు వినబడితేనే నాకు నిద్రపడుతుంది.

మెటల్ వాల్వు తర్వాత జీవితాంతం ఎసిట్రోమ్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర వాడాలి. అమ్మ ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని చెప్పారు. 2019లో విరేచనాలకు మెట్రోనిడజోల్ మాత్రలు మేమే కొని వేశాం. వారంలో ముక్కునుంచి రక్తం, ఐఎన్ఆర్ 7 దాటింది. అప్పటినుంచి ఏ కొత్త మందయినా గుండె డాక్టర్ని అడక్కుండా వేయం. ఆకుకూరలు కూడా ఈ మాత్ర పనిని మారుస్తాయి, అయినా గోంగూర, తోటకూర, మునగాకు మానాల్సిన పనిలేదు. ఒక వారం రోజూ, ఇంకో వారం అసలే లేకుండా మాత్రం తినకూడదు.

మీ అక్కగారికి ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ఇప్పుడే డాక్టర్లకు చెప్పండి. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, సన్నబడిన వాల్వు ఆ భారం మోయలేదు. మెటల్ వాల్వు పెడితే వాడాల్సిన ఆ మాత్రలు కడుపులో బిడ్డకూ హాని చేయగలవు. ఈ వయసులో, వాల్వు అనుకూలంగా ఉంటే బెలూన్ వైపే నా మనసు మొగ్గడానికి కారణం ఇదే.

పెనిసిలిన్ ఇంజెక్షన్ 21 రోజులకోసారి చేయించమంటే మానొద్దు. నొప్పి బాగానే ఉంటుంది. కానీ రుమాటిక్ జ్వరం మళ్లీ వచ్చిన ప్రతిసారీ వాల్వు ఇంకా దెబ్బతింటుంది.

బెలూన్ చేసేచోట గుండె ఆపరేషన్ వసతి కూడా ఉండాలి, అరుదుగా రెక్క చిరిగితే వెంటనే ఆపరేషన్ కావాలి. కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. అమ్మ వాల్వు మార్పిడి ఆరోగ్యశ్రీలోనే జరిగింది.